అణు కరెంటుకు భయపడాలా, బొగ్గు పొగకు భయపడాలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన సంచికలో శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రం గురించి అడిగిన పాఠకునికి జవాబిస్తూ, 'తయారైన కరెంటుకూ పోయిన ప్రాణాలకూ లెక్క కడితే బొగ్గు కంటే అణు విద్యుత్తు ఎన్నో రెట్లు భద్రమైనది' అని రాశాను. ఆ ఒక్క వాక్యం మీద చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు కోప్పడ్డారు, కొందరు ఆధారం చూపమన్నారు, ఒక తల్లి తన కొడుకు ఉద్యోగం గురించి అడిగారు. అందుకని ఈ నెల వేరే ప్రశ్నలేవీ కలపకుండా శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్‌లో అణు కేంద్రం పేలి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. జపాన్‌లోని ఫుకుషిమాలో కొన్ని చోట్ల ఇప్పటికీ మనుషులు కాపురం ఉండటానికి వీల్లేదు. బొగ్గు కేంద్రం వల్ల అలా ఎక్కడైనా జరిగిందా? మీరు ఏ లెక్క ప్రకారం అణు విద్యుత్తు భద్రమని రాశారు?
– మరమగ్గాల యజమాని, నగరి

జవాబు: మీరు అడిగినది ప్రాణనష్టం గురించి, ఊళ్లు పోవడం గురించి. రెండూ వేర్వేరు సంగతులు గనుక విడివిడిగా చెబుతాను.

ఒక ఇంధనం ఎంత ప్రమాదకరమో తెలియాలంటే దాని వల్ల జరిగిన ఒక పెద్ద ప్రమాదాన్ని తలుచుకుంటే చాలదు. దాన్ని భూమిలోంచి తవ్వి తీయడం మొదలుకొని మోసుకురావడం, కాల్చడం, దాని పొగను ఊరివాళ్లు పీల్చడం వరకు అన్ని దశల్లో ఎందరు పోయారో లెక్కగట్టి, దానితో ఎంత కరెంటు తయారైందో పక్కన పెట్టి చూడాలి. మీ మగ్గాల షెడ్డులోనూ మీరు చేసేది ఇదే. ఒక మగ్గం ఒక రోజు పెద్ద చప్పుడుతో ఆగిపోయిందని దాన్ని తీసి పారేయరు. ఏడాది పొడుగునా అది ఎన్ని మీటర్లు నేసింది, ఎంత నూలు పాడుచేసింది అని చూస్తారు.

ఈ పద్ధతిలో 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మార్కండ్య, విల్కిన్సన్ ప్రచురించిన పరిశీలనకు తరువాతి ప్రమాదాల లెక్కలు కూడా చేర్చి నేడు నిపుణులు చూపుతున్న అంకెలు ఇలా ఉన్నాయి. 100 కోట్ల యూనిట్ల కరెంటుకు బొగ్గు వల్ల పోయే ప్రాణాలు సుమారు 25, చమురు వల్ల 18, సహజవాయువు వల్ల దాదాపు 3, జలవిద్యుత్తు వల్ల 1.3. గాలిమరల వల్ల 0.04, అణు విద్యుత్తు వల్ల 0.03, సౌర విద్యుత్తు వల్ల 0.02. మన దేశ సగటు వాడకం ప్రకారం 100 కోట్ల యూనిట్లంటే సుమారు ఏడు లక్షల మంది ఒక ఏడాదిలో వాడుకునే కరెంటు. అంతమందికీ బొగ్గు కరెంటే ఇస్తే ఏటా 25 మంది పోతారు. అణు కరెంటే ఇస్తే ముప్పై ఏళ్లకు పైగా గడిస్తే ఒకరు. పైగా బొగ్గు అంకెకు మూలం యూరప్ దేశాల కేంద్రాలు, అక్కడి పొగ నియంత్రణ ప్రమాణాలు. బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గుకు, జనం కిక్కిరిసి బతికే మన ఊళ్లకు ఆ అంకె పెరుగుతుందే గాని తగ్గదని నా అభిప్రాయం.

'ఈ 0.03లో చెర్నోబిల్ కలిసి ఉందా?' అని మీరు అడుగుతారని తెలుసు. కలిసే ఉంది. 1986 ఏప్రిల్ 26న జరిగిన ఆ ప్రమాదంలో ఇద్దరు వెంటనే చనిపోయారు. మంటలార్పడానికి వెళ్లినవారిలో, కేంద్రం సిబ్బందిలో 28 మంది తీవ్రమైన వికిరణ (రేడియేషన్) వ్యాధితో ఆ తరువాతి నెలల్లో చనిపోయారు. రేడియోధార్మిక అయోడిన్ కలిసిన పాలు తాగిన పిల్లల్లో వేల సంఖ్యలో థైరాయిడ్ కేన్సర్లు వచ్చాయి. చాలావరకు చికిత్సకు లొంగినా అది చిన్న నష్టమేమీ కాదు. దీర్ఘకాలంలో కేన్సర్ వల్ల పోయేవారు ఎందరన్నదే వివాదం. ఎక్కువ వికిరణం సోకిన జనంలో ఆ సంఖ్య 4,000 వరకు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పాల్గొన్న చెర్నోబిల్ ఫోరం అంచనా వేసింది. అణు విద్యుత్తును వ్యతిరేకించేవారు రెండు లక్షల దాకా చెప్పారు. సరే, ఆ రెండు లక్షలే నిజమనుకుందాం. ప్రపంచంలో ఇప్పటివరకు తయారైన అణు కరెంటు దాదాపు లక్ష సార్లు 100 కోట్ల యూనిట్లు. పంచి చూడండి, రెండు దగ్గర ఆగుతుంది. అంటే వ్యతిరేకుల అంకెనే తీసుకున్నా బొగ్గులో అది పన్నెండో వంతు.

బొగ్గు ఇంతమందిని పొట్టన పెట్టుకుంటున్నా మనకు తెలియకపోవడానికి కారణం ఉంది. పొగలోని అతి సన్నని ధూళి, గంధకం, నత్రజని ఆక్సైడ్లు ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరి, అక్కడి నుంచి రక్తంలో కలిసి, పదేళ్లకో ఇరవై ఏళ్లకో గుండెపోటుగా, పక్షవాతంగా బయటపడతాయి. మరణ ధ్రువపత్రంలో 'బొగ్గు పొగ వల్ల' అని ఏ డాక్టరూ రాయడు. గనుల్లో పోయినవారినీ మనం తొందరగానే మరిచిపోతాం. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్లు తోసుకువచ్చి 370 మందికి పైగా కార్మికులు జలసమాధి అయ్యారు. చెర్నోబిల్ పేరు తెలిసిన మన పిల్లల్లో ఎందరికి చాస్‌నాలా పేరు తెలుసు?

ఇక ఊళ్ల సంగతి. బొగ్గు వల్ల కూడా జరిగింది. జార్ఖండ్‌లోని ఝరియాలో 1916 నుంచి భూమి కింద బొగ్గు పొరలు కాలుతూనే ఉన్నాయి. ఇళ్ల గోడలు బీటలు వారి, నేల కుంగి, వేల కుటుంబాలు ఊరు వదలవలసి వచ్చింది. అయితే ఇక్కడ మీ పక్షాన ఒక మాట చెప్పాలి. చెర్నోబిల్ చుట్టూ 1986లోనే లక్ష మందికి పైగా, ఫుకుషిమా నుంచి లక్షన్నర మందికి పైగా ఇల్లూ వాకిలీ విడిచిపోయారు. మరణాల లెక్క ఎంత తక్కువగా ఉన్నా ఆ దుఃఖం అందులో కనిపించదు. పోయిన సంచికలో నేను రాసిన వాక్యంలో ఈ మాట చేర్చి ఉండవలసింది.

ప్రశ్న: మా అబ్బాయి డిప్లొమా పూర్తిచేశాడు. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రంలో శిక్షణకు ఎంపికయ్యాడు. 'అక్కడికి పోతే కేన్సర్ వస్తుంది, పిల్లలు పుట్టరు' అని మా అత్తగారు రోజూ కంటతడి పెడుతున్నారు. 2004లో సునామీ కూడా అక్కడికే వచ్చింది కదా. పంపమంటారా?
– ఒక తల్లి, సత్యవేడు

జవాబు: అమ్మా, మీ స్థానంలో నేనుంటే పంపుతాను. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, మీ అత్తగారికి చదివి వినిపించండి.

వికిరణం అన్నది కల్పాక్కంలో పుట్టినది కాదు. మన కాళ్ల కింది రాయిలో, తినే తిండిలో, ఆకాశం నుంచి వచ్చే కిరణాల్లో అది ఎప్పుడూ ఉన్నదే. దాన్ని మిల్లీసీవర్ట్లలో కొలుస్తారు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్లు అందుతాయి. కుప్పం నుంచి దేశమంతటికీ వెళ్లే గ్రానైట్ రాయిలో యురేనియం, థోరియం మామూలు రాళ్లలో కంటే కొంచెం ఎక్కువే ఉంటాయి. ఆ బండల మీద తరతరాలుగా కాపురాలు సాగుతూనే ఉన్నాయి. కేరళలో కొల్లం దగ్గరి కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక వల్ల ఈ సహజ వికిరణం సగటుకు ఎన్నో రెట్లుంది. అక్కడి వేలాది మందిని ఏళ్ల తరబడి గమనించి 2009లో ప్రచురించిన పరిశీలనలో ఆ కారణంగా కేన్సర్ పెరిగినట్లు కనిపించలేదు.

కేంద్రంలో పనిచేసేవారికి మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్లలో మొత్తం 100 మిల్లీసీవర్ట్లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించరాదు. మీ అబ్బాయి చొక్కాకు టి.ఎల్.డి. బ్యాడ్జి అనే చిన్న బిళ్ల తగిలిస్తారు. దానికి ఎంత వికిరణం తగిలిందో క్రమం తప్పకుండా చదివి అతని పేరిట రికార్డులో రాస్తారు. హద్దులోపల ఉంటే ప్రమాదం సున్నా అని నేను చెప్పను. ఎంత తక్కువ మోతాదైనా కొంత ముప్పు ఉంటుందని అనుకునే ఈ హద్దులు పెట్టారు. సంతానం గురించి మీ అత్తగారికున్న భయం మాత్రం వదిలేయవచ్చు. సంతానశక్తి శాశ్వతంగా పోవాలంటే ఒక్కసారిగా వేల మిల్లీసీవర్ట్లు తగలాలి. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడినవారికి ఆ తరువాత పుట్టిన పిల్లలను దశాబ్దాలుగా పరిశీలిస్తున్నా వంశపారంపర్యంగా వచ్చిన లోపాలేవీ తేలలేదు.

సునామీ సంగతి. 2004 డిసెంబరు 26 ఉదయం కల్పాక్కంలో రెండో రియాక్టర్ నడుస్తోంది, మొదటిది మరమ్మతుల కోసం ఆపి ఉంది. సముద్రపు నీరు సొరంగం గుండా పంపుహౌస్‌లోకి ఎగదన్ని, టర్బైన్ కింది ఆవిరిని చల్లార్చే పంపులు మునిగిపోయాయి. సిబ్బంది రియాక్టర్‌ను ఆపి, అత్యవసర పంపుతో చల్లబరిచారు. వికిరణం బయటికి రాలేదు, వారం రోజుల్లోనే తిరిగి నడిపారు. కాని అదే ఉదయం అదే తీరంలో కేంద్రం ఉద్యోగులు కాపురముండే కాలనీలోకి అల వచ్చి ఎందరినో తీసుకుపోయింది. రియాక్టర్‌కు ఉన్న రక్షణ ఇళ్లకు లేకపోయింది.

మీ ఊరు కల్పాక్కానికి నేరుగా కొలిస్తే దాదాపు 100 కిలోమీటర్లు. కేంద్రం చుట్టూ అత్యవసర ఏర్పాట్లకు గీసుకున్న హద్దు 16 కిలోమీటర్లు. కాబట్టి మీ ఇంటి గురించి దిగులు అక్కర్లేదు. ఒక్క మాట మాత్రం అబ్బాయితో అడిగించండి: నియామకం కేంద్రం నేరుగా ఇస్తోందా, మధ్యలో కాంట్రాక్టరు ఉన్నాడా అని. కాంట్రాక్టరు ద్వారా అయితే తన బ్యాడ్జి రీడింగుల కాగితం తనకు ఇస్తారో లేదో చేరకముందే తెలుసుకోవాలి. ఏ పరిశ్రమలోనైనా దెబ్బ ముందుగా తగిలేది కాంట్రాక్టు కూలీకే. బొగ్గు గనుల్లోనూ అంతే, సౌర ఫలకాలు బిగించడానికి నడుముకు తాడైనా లేకుండా మేడలెక్కే పిల్లల విషయంలోనూ అంతే.

ప్రశ్న: సార్, అణు రియాక్టర్ బాంబులా పేలుతుందా? పేలదంటే మరి ఫుకుషిమాలో టీవీలో చూపించిన పేలుడు ఏమిటి? భూకంపం రాగానే రియాక్టర్లు ఆగిపోయాయని మా పుస్తకంలో ఉంది. ఆగినవి ఎలా కరిగాయి?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: నాయనా, ఇన్ని ఉత్తరాల్లో అసలు కీలకాన్ని పట్టుకున్నది నీ ఉత్తరమే.

బాంబులా పేలదు. గనిలో దొరికే యురేనియంలో విచ్ఛిత్తికి, అంటే పరమాణువు చీలి వేడి పుట్టించడానికి, పనికివచ్చే యురేనియం-235 నూటికి 0.7 వంతు మాత్రమే. కల్పాక్కంలోని రెండు పాత విద్యుత్ రియాక్టర్లకు ఇంధనం అదే. కూడంకుళం వంటి వాటికి 3 నుంచి 5 శాతం వరకు శుద్ధి చేస్తారు. బాంబుకు 90 శాతం దాకా కావాలి. చెర్నోబిల్‌లో పేలినది ఆవిరి. ఆ రియాక్టర్ రూపకల్పనలోనే లోపం ఉంది, పైగా దానిచుట్టూ మన కేంద్రాలకు ఉండే మందపాటి కాంక్రీటు కవచం లేదు. ఫుకుషిమాలో పేలినది హైడ్రోజన్. అది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నీ రెండో ప్రశ్న.

మన జిల్లాలో బెల్లం వండే చోటికి ఎప్పుడైనా వెళ్లావా? పెనుమూరు దగ్గర మా బంధువుల తోటలో చిన్నప్పుడు నేను గంటల తరబడి నిలబడి చూసేవాణ్ణి. పాకం ముదిరే సమయానికి బట్టీలో చెరుకు పిప్పి వేయడం ఆపేస్తారు, మంట తగ్గిపోతుంది. అయినా పెనంలో పాకం కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. బట్టీ గోడల్లోని వేడి అంత తొందరగా పోదు. నలుగురు మనుషులు సిద్ధంగా ఉండి పెనాన్ని దించి పాకాన్ని దోనెలో పోయకపోతే, మంట లేకుండానే బెల్లం మాడిపోతుంది. దించవలసినవాళ్లు ఆ నిమిషంలో అక్కడ లేకపోతే ఏమవుతుందో ఊహించుకో.

రియాక్టర్‌లోనూ విచ్ఛిత్తి ఆగిపోయిన క్షణంలో పూర్తి వేడిలో 6, 7 శాతం మిగిలే ఉంటుంది. బట్టీలో మిగిలింది పాత వేడి మాత్రమే. ఇక్కడ అలా కాదు, విచ్ఛిత్తిలో పుట్టిన కొత్త మూలకాలు క్షీణిస్తూ కొత్తగా వేడి పుట్టిస్తూనే ఉంటాయి. గంట తరువాత ఒకటిన్నర శాతానికి, ఒక రోజు తరువాత అర శాతానికి తగ్గుతుంది. పెద్ద రియాక్టర్‌లో అర శాతమంటే కూడా వేల కిలోవాట్ల వేడి. నీళ్లు తిరుగుతూ దాన్ని తీసుకుపోతూ ఉండాలి, నీళ్లు తిరగాలంటే పంపులకు కరెంటు ఉండాలి. 2011 మార్చి 11న భూకంపం రాగానే ఫుకుషిమాలో నడుస్తున్న రియాక్టర్లు మూడూ సవ్యంగానే ఆగాయి. బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. ముప్పావు గంట తరువాత 14, 15 మీటర్ల అల వచ్చింది. ఆ కేంద్రం లెక్కగట్టుకున్నది సుమారు ఆరు మీటర్ల అల మాత్రమే. భవనాల అడుగు అంతస్తుల్లో పెట్టిన జనరేటర్లు మునిగాయి. పంపులు ఆగాయి, వేడి పోయే దారి లేక ఇంధన కడ్డీలు కరిగాయి, వాటి తొడుగు ఆవిరితో కలిసి హైడ్రోజన్‌ను పుట్టించింది, అది పేలింది.

ఇందులో నన్ను కలచివేసే విషయం ఒకటుంది. అంత ఎత్తు అల రావచ్చని 2008లోనే ఆ కేంద్రాన్ని నడిపే సంస్థ తన సొంత లెక్కల్లో తేల్చుకుంది, అయినా గోడ పెంచలేదు, జనరేటర్లను పైకి మార్చలేదు. ఇది మనుషులు చేసిన ప్రమాదమేనని జపాన్ పార్లమెంటు నియమించిన విచారణ సంఘం 2012లో తేల్చి చెప్పింది. అదే తీరంలో భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఒనగావా అణు కేంద్రం ఉంది. దాన్ని కట్టేటప్పుడే దాదాపు 15 మీటర్ల ఎత్తున కట్టారు. అది నిలబడింది. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల జనం దాదాపు 300 మంది ఆ అణు కేంద్రం ఆవరణలోనే తలదాచుకున్నారు.

వికిరణం వల్ల చనిపోయినట్లు జపాన్ ప్రభుత్వం అంగీకరించినది ఒక్క కార్మికుణ్ణి. హడావుడిగా ఖాళీ చేయించడం వల్ల, ఆసుపత్రుల నుంచి, వృద్ధాశ్రమాల నుంచి రోగులను బస్సుల్లో తిప్పడం వల్ల, ఆ తరువాత పరాయి చోట బతకలేక పోయినవారు ఫుకుషిమా రాష్ట్రంలోనే 2,000 మందికి పైగా. వారిలో అత్యధికులు వృద్ధులు.

మన దేశం కూడా ఈ అంచుదాకా వెళ్లివచ్చింది. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, జనరేటర్‌లోని హైడ్రోజన్ అంటుకుంది. అసలు కేబుళ్లు, అత్యవసర కేబుళ్లు ఒకే దారిలో పరిచి ఉండటంతో రెండూ కాలిపోయి, కేంద్రం మొత్తం 17 గంటలు చీకట్లో ఉంది. సిబ్బంది టార్చి లైట్లతో రియాక్టర్ భవనం పైకెక్కి చేత్తో వాల్వులు తిప్పారు. మంటలార్పడానికి పెట్టుకున్న డీజిల్ పంపులతో నీళ్లు పంపి చల్లబరిచారు. వికిరణం బయటికి పొక్కలేదు. ఆ రాత్రి పనిచేసినవారి ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కేబుళ్లను అలా పరిచినవారిని నిలదీసి అడగాలి.

ప్రశ్న: కేంద్రం భద్రమే అనుకుందాం. యురేనియం తవ్వే చోట పరిస్థితి ఏమిటి? కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతుల బోర్లు పాడయ్యాయని మా బంధువులు చెబుతున్నారు. వాడేసిన ఇంధనాన్ని ఏం చేస్తారు?
– వేరుశనగ రైతు, పలమనేరు

జవాబు: తుమ్మలపల్లెలో రైతులు చేస్తున్న ఫిర్యాదులు ఆషామాషీవి కావు. ఖనిజాన్ని శుద్ధి చేశాక మిగిలే వ్యర్థపు బురదను చెరువులాంటి కట్టడంలో నిల్వ చేస్తారు. దాని అడుగు నుంచి నీరు ఇంకకుండా వేయవలసిన పొర సరిగా లేకపోతే ఆ నీరు భూగర్భజలంలోకి చేరుతుంది. కె.కె.కొట్టాల వంటి ఊళ్ల రైతులు అరటి తోటలు దెబ్బతిన్నాయని, బోరు నీళ్లు తాగలేకపోతున్నామని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. అణు విద్యుత్తును సమర్థించేవాడిగా నేను దీన్ని దాటవేయలేను. ఆ నీళ్లను గని నడిపే సంస్థతో సంబంధం లేని ప్రయోగశాలలు పరీక్షించాలి, ఫలితాలను తెలుగులో ఊరి సచివాలయం గోడకు అంటించాలి. ఇందులో సాంకేతికంగా అసాధ్యమైనది ఒక్కటీ లేదు.

పోల్చి చూడటానికి బొగ్గు వ్యర్థం సంగతీ చెబుతాను. 1000 మెగావాట్ల బొగ్గు కేంద్రానికి ఏడాదికి 40 లక్షల టన్నులకు పైగా బొగ్గు కావాలి. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, బూడిదే. దేశంలో ఏటా 20 కోట్ల టన్నులకు మించి బూడిద పోగవుతోంది. అందులో ఆర్సెనిక్, పాదరసం, సీసం ఉంటాయి, కొంచెం యురేనియం, థోరియం కూడా ఉంటాయి. ఎర్రగుంట్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం వైపు గాని, కృష్ణపట్నం వైపు గాని వేసవిలో గాలి వీచే పూట వెళ్లి చూడండి. ఆకుల మీద వేలితో గీత గీస్తే రంగు తెలుస్తుంది. అంతే సామర్థ్యం గల కూడంకుళం రకం రియాక్టర్‌కు ఏడాదికి కావలసిన ఇంధనం సుమారు 25 టన్నులు. వాడేసిన కడ్డీలను మొదట కొన్నేళ్లు లోతైన నీటి తొట్లలో ఉంచుతారు. తరువాత మన దేశంలో వాటి నుంచి ప్లుటోనియం, మిగిలిన యురేనియం తీసి, మిగతా ఘాటైన వ్యర్థాన్ని గాజులో కలిపి గడ్డకట్టించి ఉక్కు డబ్బాల్లో భద్రపరుస్తారు. ఈ పని ట్రాంబే, తారాపూర్, కల్పాక్కాలలో జరుగుతోంది. దాన్ని వేల ఏళ్లపాటు భూమి లోతుల్లో దాచే శాశ్వత స్థలం మన దేశంలో ఇంకా లేదు. ఫిన్‌లాండ్ మాత్రం ఓల్కిలువోటో దగ్గర 400 మీటర్లకు పైగా లోతున గట్టి బండను తొలిచి కట్టింది. వ్యర్థం తక్కువ, కాని చాలాకాలం కాపలా కాయాలి. బొగ్గు వ్యర్థం ఎక్కువ, దానికి కాపలా కాసేవారే లేరు.

ప్రశ్న: మన సీమలో ఎండకు కొదవ లేదు. తిరుమల కొండ మీదనే గాలిమరలు తిరుగుతున్నాయి. నీళ్లతో కరెంటు తీయడం తాతల కాలం నుంచి తెలుసు. ఇన్ని ఉండగా అణు కరెంటు గొడవ మనకెందుకు?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, చంద్రగిరి

జవాబు: అయ్యా, ఎండ, గాలి విషయంలో మీతో నాకు పేచీ లేదు. భద్రతలో అవి అణు విద్యుత్తుకు ఏమాత్రం తీసిపోవు, కట్టడం కూడా తొందరగా అవుతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సౌర పార్కు మన కళ్ల ముందే వెలిసింది. అయితే అది ఏడాదికి ఇచ్చేది 200 కోట్ల యూనిట్లకు కాస్త అటూ ఇటూ. అంతే సామర్థ్యం గల అణు రియాక్టర్ రాత్రీ పగలూ నడిచి 700 కోట్ల యూనిట్లు ఇస్తుంది. సాయంత్రం ఏడు గంటలకు ఊరంతా స్విచ్చులు వేసే వేళకు సౌర కరెంటు ఉండదు. ఆ లోటును బ్యాటరీలు పూడ్చేదాకా పూడుస్తున్నది బొగ్గే. కనుక ఎండకూ అణువుకూ పోటీ పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ రెండూ కలిసి బొగ్గును తగ్గించాలి.

నీళ్ల విషయంలో మాత్రం మీరు అనుకున్నంత భద్రత లేదు. 1975 ఆగస్టులో చైనాలోని హెనాన్ రాష్ట్రంలో తుపాను వానలకు బాన్‌చియావో ఆనకట్ట తెగింది. వరదలో, ఆ తరువాత వచ్చిన కరువు రోగాల్లో పోయినవారి అంచనాలు 26 వేల నుంచి రెండు లక్షలకు పైదాకా ఉన్నాయి. కరెంటు తయారీతో ముడిపడిన ఏ ఒక్క ప్రమాదంలోనూ ఇంతమంది పోలేదు. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు ఆనకట్ట తెగి మోర్బీ పట్టణం కొట్టుకుపోయింది.

అంత దూరం ఎందుకు? 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన రెండు రోజులకే, మన రాయలచెరువు కట్టకు గండి పడబోతోందని కబురు వచ్చింది. ఆ రోజు రామచంద్రాపురం దారిలో ట్రాక్టర్ల మీద బియ్యం మూటలు, పసిపిల్లలు, వాళ్ల మధ్య కాళ్లు కట్టిన లేగదూడలు వెళ్లడం నేను చూశాను. ఒక ముసలాయన మాత్రం ఆవులను విప్పి కొండవైపు తోలి, తాను రానని గడప మీదే కూర్చున్నాడు. కట్ట నిలిచింది, అందరూ తిరిగివచ్చారు. ఇవి రెండూ సాగునీటి కట్టలే, కరెంటువి కావు. కాని కట్ట వెనుక నిలిచిన నీటికి ఆ తేడా తెలియదు. అంతమాత్రాన శ్రీశైలాన్ని మూసేయమని ఎవరూ అనరు, నేనూ అనను. గేట్లు, కట్టలు ఏటా పరీక్షించమంటాం. రియాక్టర్ల విషయంలో కూడా నేను కోరేది అదే నిఘా. 2012లో కాగ్ నివేదిక మన అణుశక్తి నియంత్రణ మండలికి తగినంత స్వతంత్రత లేదని వేలెత్తి చూపింది. తప్పు పట్టేవారు, తప్పు చేయగలిగేవారు ఒకే గూటి కింద ఉండకూడదు.

ప్రశ్న: మీ 100 కోట్ల యూనిట్ల లెక్కలో మా పొలాల్లో కరెంటు తగిలి చనిపోయే రైతులు ఉన్నారా? పోయిన ఏడాది మా ఊళ్లోనే ఇద్దరు పోయారు.
– టమోటా రైతు, పుంగనూరు

జవాబు: లేరు. మీరు అడిగేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు, అందుకు సిగ్గుపడుతున్నాను. ఆ లెక్కలు ఇంధనం దగ్గర మొదలై కేంద్రం పొగ దగ్గర ఆగిపోతాయి, తీగ వెంట పొలం దాకా రావు. మీ ఉత్తరం చదివాక నేనే లెక్క వేశాను. జాతీయ నేర గణాంకాల సంస్థ వివరాల ప్రకారం మన దేశంలో విద్యుదాఘాతంతో ఏటా 12 వేల మందికి పైగా పోతున్నారు. దేశంలో తయారయ్యే మొత్తం కరెంటుకు పంచితే 100 కోట్ల యూనిట్లకు దాదాపు ఏడుగురు. అంటే అణు కేంద్రం నుంచి వచ్చే కరెంటునే తీసుకుంటే, దాన్ని పుట్టించే చోట కంటే దించే చోట రెండు వందల రెట్లు ఎక్కువమంది పోతున్నారు. చెర్నోబిల్ గురించి ఇన్ని ఉత్తరాలు వచ్చాయి, స్టార్టరు పెట్టె గురించి వచ్చినది మీది ఒక్కటే.

మీ ఊళ్లోవారికి ఈ నాలుగు మాటలు చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే ఎంత రాత్రయినా, పైరు ఎంత ఎండుతున్నా మీరు వేయవద్దు, లైన్‌మన్ వచ్చి లైను ఆపించి వేయాలి. ఇనుప స్టార్టరు పెట్టెకు ఎర్తింగ్ తీగ ఉందో లేదో, దాని గుంటలో మట్టి ఎండిపోయిందో రేపే చూడండి. ఎండితే ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయండి. తడికాళ్లతో, తడిచేతులతో స్విచ్చు ముట్టవద్దు, పెట్టె ముందు ఎండు చెక్కపలక ఒకటి వేసి దాని మీద నిలబడండి. అడవిపందుల కోసం కంచెకు కరెంటు పెట్టే పని మీ ఊళ్లో ఎవరైనా చేస్తూ ఉంటే, ఈ రోజే తీయించండి.